స్టాస్–ఒట్టో పద్ధతి

శరీర భాగాల్లోనో ఆహారంలోనో కలిసిపోయిన ఆల్కలాయిడ్లను (నికోటిన్, స్ట్రిక్నిన్ వంటి, మొక్కల్లో దొరికే క్షార గుణమున్న పదార్థాలను) కొవ్వు, మాంసకృత్తులు, అకర్బన లవణాల నుంచి విడదీసే ప్రయోగశాల పద్ధతి. బెల్జియం రసాయన శాస్త్రవేత్త జాన్ సెర్వే స్టాస్ 1850లో దీన్ని రూపొందించాడు. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ జూలియస్ ఒట్టో 1856లో మెరుగుపరిచాడు.

అంతకుముందు విషపరీక్ష అంటే చాలావరకు ఆర్సెనిక్ పరీక్షే. దానికి 1836లో జేమ్స్ మార్ష్ నమ్మకమైన పరీక్ష కనిపెట్టాడు. 1844లో ఫ్రెసీనియస్, ఫాన్ బాబో అనే ఇద్దరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పొటాషియం క్లోరేట్‌లతో కర్బన పదార్థాన్నంతా ధ్వంసం చేసి లోహ విషాన్ని మిగిల్చే మార్గం చూపారు. విషం నికోటినో, ముష్టి గింజల్లోని స్ట్రిక్నినో అయితే మాత్రం ఆ ధ్వంసంలో అదీ పోతుంది. వెతికేవాడి చేతులతోనే సాక్ష్యం మాయమయ్యేదన్నమాట.

1850 నవంబరు 20న బెల్జియంలోని బిట్రెమాన్ కోటలో గుస్తావ్ ఫూనీ అనే యువకుడు చనిపోయాడు. అనుమానం అతని బావ కౌంట్ బొకార్మే మీద పడింది. విషం జాడ తెలియకుండా శవం మీద, నోట్లో వినెగర్ పోశారు. శరీర భాగాలు బ్రస్సెల్స్‌లో స్టాస్ దగ్గరికి చేరాయి. ఆయన వాటిని ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో నానబెట్టి వడగట్టాడు. ఆమ్లంతో కలిసిన ఆల్కలాయిడ్ లవణంగా మారి నీటిలో కరుగుతుంది. ఆల్కహాల్‌ను ఆవిరి చేసి, మిగిలిన నీటి ద్రావణానికి క్షారం కలిపితే ఆల్కలాయిడ్ లవణ రూపం వదులుకుంటుంది. అప్పుడు ఈథర్ పోసి బాగా కుదిపి నిలవనిస్తే నీటికన్నా తేలికైన ఈథర్ పైన తేరుతుంది. ఆల్కలాయిడ్ అందులోకి వెళ్తుంది, అకర్బన లవణాలు కింది నీటిలోనే ఉండిపోతాయి. స్టాస్ ఈథర్‌ను ఆవిరి కానిస్తే మిగిలింది పొగాకు ఘాటు కొట్టే జిడ్డు ద్రవం: నికోటిన్. పొగాకు ఆకు నుంచి కౌంటే దాన్ని తీసినట్టు దర్యాప్తులో తేలింది. 1851 జులైలో మోన్స్ పట్టణంలో అతని తల నరికారు.

ఒట్టో చేసిన మార్పు చిన్నదే గాని పనికొచ్చేది. క్షారం కలపకముందే, ద్రావణం ఆమ్లంగా ఉండగానే, ఓసారి ఈథర్‌తో కడిగేశాడు. కొవ్వు, రంగు పదార్థాలు ముందే తొలగిపోయి, తర్వాత వచ్చే ఆల్కలాయిడ్ శుభ్రంగా ఉంటుంది.

మార్ఫిన్ మాత్రం ఈ దారికి సరిగా లొంగలేదు. ఈథర్‌లో అది సరిగా కరగదు. పైగా కాస్టిక్ సోడా ఎక్కువైతే తిరిగి నీటిలోకే పోతుంది. అందుకే దాని కోసం అమ్మోనియాతో క్షారం చేసి, క్లోరోఫామ్–ఆల్కహాల్ మిశ్రమం వాడసాగారు.

ఈ పద్ధతి మన దేశపు ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లోనూ దీర్ఘకాలం నడిచింది. పోస్ట్‌మార్టంలో తీసిన విసెరాను (లోపలి అవయవాలను) సాధారణంగా చిక్కటి ఉప్పునీటిలో భద్రపరిచి పంపుతారు. సీసా నిండా ఉన్న ఆ ఉప్పు ఈ వేర్పాటుకు అడ్డు కాదు, నీటి పొరను దాటి రాదు కాబట్టి. ఇప్పుడు గుర్తింపు పని గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమీటర్ల వంటివి చూసుకుంటున్నాయి. వాటికి అందించే నమూనాను వేరుచేయడంలో ఆమ్లం, క్షారం వంతులవారీగా మార్చే ఎత్తుగడ నేటికీ వాడుకలోనే ఉంది.