వంశపారంపర్యపు జేబుగడియారము

లాలాగూడ రైల్వే కర్మాగారమునకును, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకును నడుమ నున్నది తార్నాక. రైలు ఉద్యోగులును, ఆచార్యులును నివసించిన యీ ప్రాంతపు పాతయిండ్లలో, పెట్టె అడుగున వెండి జేబుగడియారము దొరకుట వింత కాదు. దానితోపాటు “ఇది నిజాము ప్రభువు బహూకరించినది” అను మాటయు దొరకును. అట్టి మాటలన్నియు నిజమైనచో ఆ ప్రభువు గడియారముల అంగడియే పెట్టి యుండవలెను! గడియారమునే అడుగుట మేలు.

ముఖఫలకముపైని పేరు తరచుగా అమ్మినవారిది, చేసినవారిది కాదు. బొంబాయి వెస్ట్ ఎండ్ కంపెనీ తన పేర అమ్మినవి స్విట్జర్లాండు గడియారములు. వానిలో కొన్నింటి యంత్రములు లాంజీన్స్ వారివి. వెనుక మూత తీసినచో యంత్రముపై వరుససంఖ్య కనబడును. లాంజీన్స్ వారు తమ పాత ఖాతాపుస్తకములను భద్రపరచినందున, ఆ సంఖ్యనుబట్టి అది ఏ కాలమున అమ్ముడుపోయినదో తెలియును. మూత ఆంగ్లదేశపు వెండియైనచో సింహము ముద్ర, ఊరి గుర్తు, సంవత్సరమును దెలుపు అక్షరము ఉండును. లంగరు బర్మింగుహాము గుర్తు.

అసలు చిక్కు మూతపై చెక్కించిన తేదీతో వచ్చును. హైదరాబాదు సంస్థానపు కచేరీలలో నడచినది ఫసలీ శకము. ఉర్దూ అంకెలలో 1349 అని యుండగా, హిజ్రీ అనుకొన్నవారికి అది 1930-31 అగును. ఫసలీ యైనచో 590 కలుపవలెను. అప్పుడు 1939-40 అగును. ఉస్మానియా విషయమున ఈ తొమ్మిదేండ్ల తేడా చిన్నది కాదు. 1919లో నగరమున తరగతులు ఆరంభించిన ఆ విశ్వవిద్యాలయమునకు, నేటి ప్రాంగణములోని ఆర్ట్సు కళాశాల భవనము 1934లో శంకుస్థాపన జరిగి, 1939 డిసెంబరులో ప్రారంభమైనది. ఆ ప్రారంభోత్సవమునాటి బహుమతి యని ఇంటివారు చెప్పుకొను గడియారము హిజ్రీ లెక్కలో అబద్ధమాడినట్లగును. ఫసలీ లెక్కలో వారి మాట నిలుచును. అంకె ప్రక్కన ఆజురు, దై, బహమను వంటి నెలపేరున్నచో సందేహమే లేదు, అది ఫసలీ. రంజాను, మొహర్రము హిజ్రీవి.

రశీదు మిగిలియున్న అదృష్టవంతులు రూపాయ ఏదో చూడవలెను. సంస్థానపు హాలీ సిక్కా రూపాయలు ఏడు, బ్రిటిషువారి కలదారు రూపాయలు ఆరింటికి సమానము.

వెండికై మూత కరగించి యంత్రమును పారవేసినవారు కలరు. మెరుగు పెట్టించుటలో ముద్రలు అరిగిపోవును. కావున తుడిపించుటకు ముందే లోపలి సంఖ్యలను, గుర్తులను కాగితముపై ఎత్తి వ్రాసికొనవలెను. బాగుచేసిన పనివారు మూత లోపల సూదితో తమ గుర్తును, ఒక్కొక్కప్పుడు తేదీని గీయుట వాడుక. అవి బూతద్దమునకు గాని కనబడవు.