ఆ పాటకు అసలు వరస ఏది?

దిగువ అహోబిలానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఛత్రవట నరసింహస్వామి గుడి ఉంది. నవ నరసింహుల్లో ఈయన తీరే వేరు. జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుణ్ని చీల్చిన ఉగ్రమూర్తి. ఈయనేమో పద్మాసనం వేసుకుని నెమ్మదిగా నవ్వుతూ కూర్చుంటాడు. హాహా, హూహూ అనే ఇద్దరు గంధర్వులు వచ్చి పాడితే స్వామి మురిసిపోయి వరమిచ్చాడని స్థలపురాణం. హారతి వెలుగులో అర్చకస్వామి ఆయన చెయ్యి చూపిస్తారు. తొడ మీద తాళం వేస్తున్నట్టే ఉంటుంది. గంధర్వులు ఏ రాగం పాడారో మాత్రం పురాణం చెప్పదు. ఒక విధంగా మంచిదే అయింది. చెప్పి ఉంటే, తర్వాత పాడినవాళ్లందరినీ నిలబెట్టి “ఇది ఆ రాగం కాదు” అని గుడి మెట్ల మీదే తగువు పెట్టుకునేవాళ్లం.

మనకు ఆ అలవాటు ఉంది. సినిమా పాటకు రీమిక్స్ వస్తే నాలుగు రోజులు గొణిగి ఊరుకుంటాం. భక్తి పాట వరస మారిస్తే ఊరుకోం. పాటను పాడు చేశారంటాం, సంప్రదాయం మంట కలిసిందంటాం. ఈ కోపం ఎక్కువగా ఎవరి మీదికి మళ్లుతుందో చూస్తే, అన్నమయ్య పాట పాడేవాళ్ల మీదికే. అందువల్ల ఆ పాటల వరసలు ఎక్కణ్నుంచి వచ్చాయో ఒకసారి తవ్వి చూడాలి.

అన్నమయ్యకూ అహోబిలానికీ ఉన్న బంధం తిరుమల హోరులో కొంత మరుగున పడింది. 1408లో రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన ఆయన, అహోబిల మఠం తొలి పీఠాధిపతి ఆదివన్ శఠగోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడు. మనవడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రాసిన ‘అన్నమాచార్య చరిత్రము’ ఈ సంగతి చెబుతుంది. వేంకటేశ్వరుడి మీద పాడిన నోటితోనే నరసింహుడి మీద అన్ని సంకీర్తనలు ఎందుకు వచ్చాయో ఈ గురువును బట్టి అర్థమవుతుంది. ఈ కొండల నడుమ తిరుమంగై ఆళ్వారు పాశురాలు తమిళంలో మోగుతుండగా, శిష్యుడు వేదాంతాన్ని పల్లె తెలుగులోకి దించాడు. దంపుడు, జాజర, జోల, లాలి, సువ్వి: ఆడవాళ్లు పని చేసుకుంటూ పాడుకునే బాణీలన్నీ ఆయన పదాల్లోకి వచ్చి చేరాయి. వరసలు మార్చేవాళ్ల మీద విసుక్కునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. రోకటి పాటను దేవుడి ముందుకు తెచ్చినవాడే పదకవితా పితామహుడు.

ఆయన పాడినవి ముప్పై రెండు వేలని ఆ చరిత్రము రాసిన మనవడి మాట. కొడుకు పెదతిరుమలాచార్యుడి పూనికతో వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలోపల ఒక చిన్న రాతి అరలో భద్రపరిచారు. దాని పేరు సంకీర్తన భాండాగారం. తర్వాత ఆ సంగతి జనం మరిచిపోయారు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన ఏ.డి. క్యాంప్‌బెల్ దొర, తిరుపతిలో రాగిరేకుల మీద పాత వ్యాకరణం ఏదో ఉందని విని ఆశగా చూడబంపాడు. అవి స్వామి మీద పాటలని తేలేసరికి నిరాశపడి వదిలేశాడు. మళ్లీ ఇంకో నూరేళ్లు దాటి 1922 ప్రాంతంలో గానీ ఆ అర తలుపు పండితులకు తెరుచుకోలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివాళ్లు కూర్చుని ఒక్కో రేకూ చదివారు. పన్నెండు వేలకు పైగా పాటలు బయటపడ్డాయి.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. రేకు మీద సాహిత్యం ఉంది, తల మీద రాగం పేరు ఉంది. ముఖారి, సామంతం, బౌళి, దేసాక్షి, రామక్రియ, పాడి, సాళంగనాట. తాళం పేరు లేదు. పాడుకోవడానికి దారి చూపే స్వరం లేదు. సంకీర్తన ఎలా ఉండాలో చెప్పే లక్షణ గ్రంథం అన్నమయ్యే సంస్కృతంలో రాశాడట. అది పోయింది, మనవడు చినతిరుమలాచార్యుడు చేసిన తెలుగు ‘సంకీర్తన లక్షణము’ మిగిలింది. లక్షణం దొరికి లక్ష్యం దొరకకపోవడం విచిత్రమే. తాళ్లపాక వంశంలో ఒకరి గొంతు నుంచి మరొకరి గొంతుకు పాకాల్సిన వరస ఎక్కడో తెగిపోయింది. తమిళనాట భజన గోష్ఠులు తోడయ మంగళంలో ‘శరణు శరణు సురేంద్ర సన్నుత’ పాడుకుంటూ వచ్చాయి కాబట్టి అలాంటివి ఒకటి రెండు నోటి మీద నిలిచాయి. మిగిలిన వేల పాటలు మూగబోయాయి.

రాగం పేరుంది కదా, ఆ రాగంలో పాడితే అసలు వరసకు దగ్గరగా వెళ్లినట్టే కదా అనిపిస్తుంది. నేనూ చాలామంది విద్వాంసుల నోట ఈ మాట విన్నాను. ముఖారి సంగతే చూడండి. అన్నమయ్య 1503లో పోయాడు. అర్ధశతాబ్దం తిరక్కుండానే, 1550లో, విజయనగరంలో అళియ రామరాయల కొలువులో రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ రాశాడు. అందులో ముఖారి అంటే శుద్ధ స్వరాల మేళం, అంటే ఇప్పుడు మనం కనకాంగి అంటున్న దానికి సాటి. ఈనాటి కచేరీ ముఖారి ఖరహరప్రియలో పుట్టినదిగా లెక్క. ఈ రెండు ముఖారుల్ని పక్కపక్కన పాడిస్తే వాటికి చుట్టరికం ఉందని ఎవరూ అనరు. అంటే రేకు మీద రాసిన రాగంలోనే పాడుతున్నామని ఎంత నిష్ఠగా చెప్పుకున్నా, ఆనాటి చెవికి వినబడిన పాట మన చెవికి వినబడడం లేదు.

ఇవన్నీ తెలిసినవాడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టి, మైసూరులో తెలుగు పాఠాలు చెప్పిన సాహిత్యవేత్త. సంగీతంలోనూ అంతటివాడు, 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. 1950లో వేటూరి కన్నుమూశాక రేకుల పరిష్కరణ భారం చాలావరకు ఆయన మీద పడింది. పరిష్కరించి ఊరుకోకుండా, నూరుకు పైగా సంకీర్తనలకు వరసలు కట్టి, స్వరంతో అచ్చు వేయించారు. ‘బ్రహ్మకడిగిన పాదము’ ముఖారిలో వింటూ మనం కళ్లు మూసుకునేది ఆయన పుణ్యమే. అది పదిహేనో శతాబ్దపు నాదమని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది మన తాతల కాలం నాటిది.

ఆయన తర్వాత ద్వారాలన్నీ తెరుచుకున్నాయి. ఆకాశవాణి భక్తిరంజని పొద్దున్నే ఇళ్లలోకి కొత్త వరసలు తెచ్చింది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎవరి దారిలో వారు కట్టారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. 1980లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ రికార్డులు వచ్చాయి. వాటితో అన్నమయ్య దేశమంతా తిరిగాడు. అందులో ‘భావయామి గోపాలబాలం’ యమునాకల్యాణిలో వింటాం. ఆ పని వెనుక కడయనల్లూరు వెంకటరామన్ వంటి తమిళ విద్వాంసుల చెయ్యి ఉంది. రేవతి రాగంలో ‘నానాటి బదుకు’ వింటే గుండె కలుక్కుమంటుంది. ఆ బాణీ నేదునూరి కృష్ణమూర్తిది. ‘వందేహం జగద్వల్లభం’ హంసధ్వనిలో పాడుతుంటారు. హంసధ్వనిని రూపొందించింది ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు, పద్దెనిమిదో శతాబ్దంలో. అన్నమయ్యకు ఆ రాగం పేరు చెబితే ఎవరి ఇంటి పిల్ల అని అడిగి ఉండేవాడు.

అప్పుడు కచేరీ శ్రోతలేమన్నారు? పెద్ద విద్వాంసులు కట్టినవాటికి తల ఊపారు. గొడవ గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వరసల దగ్గర మొదలైంది. నేదునూరి శిష్యుడే అయినా, ఆయన ప్రాజెక్టులో గాయకుడిగా చేరి ఆరు వందలకు పైగా పాటలకు కట్టిన బాణీలు తేలిగ్గా, ఎవరి గొంతుకైనా పట్టేటట్టు ఉంటాయి. “ఇది లలిత సంగీతమండీ, కీర్తన కాదు” అని ముందు వరసలో కూర్చునేవాళ్లు పెదవి విరిచారు. వెనక వరసల్లో, కల్యాణకట్ట దగ్గర, కాలినడక మెట్ల మీద జనం మాత్రం వాటినే పాడుకున్నారు. ‘వినరో భాగ్యము విష్ణుకథ’ ఆయన వల్లే ఊరూరా తెలిసింది. 2025 మార్చి 9న ఆయన తిరుపతిలో కన్నుమూశారు. నివాళులు రాసినవాళ్లు ఆ వరసల్నే సంప్రదాయమన్నారు. పెదవి విరిచినవాళ్లు ఎక్కడికి పోయారో తెలియదు.

1997లో సినిమా వచ్చింది. కె. రాఘవేంద్రరావు ‘అన్నమయ్య’కు ఎం.ఎం. కీరవాణి సంగీతం. కొన్ని పాటల పాత బాణీలు అలానే ఉంచాడు, కొన్నిటిని కొత్తగా కట్టాడు. ఆ సంవత్సరం ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నాడు. సంగీతం మేష్టర్లకు తలనొప్పి పట్టుకుంది. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు రాళ్లపల్లి వరస మొదలుపెట్టగానే “ఇలా కాదండీ, సినిమాలో వేరేగా ఉంది” అని సరిదిద్దడం మొదలుపెట్టారు. ఈ పోరు అహోబిలం బ్రహ్మోత్సవాల్లోనూ చూశాను. మండపం పక్కన భజన బృందం, హార్మోనియం, తాళాలు, చెక్కలు. కుర్రాళ్లు సినిమా బాణీ ఎత్తుకున్నారు. తలపాగా పెద్దాయన తాళం ఆపేశాడు.

“యా పాట పాడ్తాండారబ్బీ? మా గురువు చెప్పిన వరసేనా ఇది?”

“తాతా, సినిమాలో ఇట్లనే ఉండాది గదా!”

“సినిమావోళ్లు పుట్టకముందు నుంచి పాడ్తాండాం మేము.”

ఆయన గురువు వరస ఎంత పాతదో నేను అడగలేదు. ఒక చరణం విన్నాక తెలిసిపోయింది, అది పాత నాగేశ్వరరావు సినిమాలో యుగళగీతానికి కట్టిన బాణీ. రాయలసీమ భజనల్లో ఇది కొత్తేమీ కాదు. జనం నోటికి అలవాటైన సినిమా వరసకు దేవుడి మాటలు తొడగడం తరాలుగా ఉంది. తాత కాలం సినిమా మనవడి కాలానికి సంప్రదాయమైపోయింది.

ఇది గుడికి మాత్రమే పట్టిన గుణం కాదు. అహోబిలం దిగి ఆళ్లగడ్డ మీదుగా చాగలమర్రి వైపు వెళితే ముత్యాలపాడు వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం నడుమనే ఆంగ్లికన్ మిషన్ అడుగు పెట్టిన ఊరు. నంద్యాల చుట్టుపక్కల చర్చిల్లో పాడే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరవండి. పాట నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవులు ఇంగ్లీషు హిమ్‌కు తెలుగు మాటలు అతికించడంతో సరిపెట్టుకోకుండా, పల్లవి, చరణం ఉన్న మన కీర్తన మట్టులోనే క్రీస్తును పాడారు. కర్ణాటక రాగంలో ఆరాధన చేయడం తొలినాళ్లలో తక్కువ సాహసం కాదు. ఇవాళ అదే చర్చిలో యువత గిటారు, కీబోర్డు, డ్రమ్స్ పెట్టి పాడితే వెనక బల్ల మీది పెద్దలు మొహం చిట్లిస్తారు. హార్మోనియం, తబలాతో పాడితేనే పాట అంటారు. రాగం పేరు చూసి పాడేవాళ్లు ఎందరున్నారని వాళ్లనే అడిగితే జవాబు రాదు.

సముద్రాలు దాటి వెళ్లినా ఇంతే. జమైకాలో 1950ల చివర పుట్టిన స్కా సంగీతాన్ని, ట్రంపెట్లు ట్రాంబోన్లతో సహా, కాలిఫోర్నియాలో ‘ది ఓ.సీ. సూపర్‌టోన్స్’ అనే క్రైస్తవ బృందం భక్తికి వాడుకుంది. 2000లో వచ్చిన ‘లౌడ్ అండ్ క్లియర్’ ఆల్బమ్‌లో స్కా పాలు తగ్గి రాక్ పెరిగింది. పాత అభిమానుల్లో కొందరికి అది మింగుడు పడలేదు. నవ్వు వస్తుంది. జమైకా వీధి నాట్యాల పాట దేవుడి పాటైనప్పుడు అభ్యంతరం లేనివాళ్లకు, బూరలు తగ్గితే మాత్రం ఎక్కడో పట్టేసింది.

ఇందులో శ్రోతను తప్పు పట్టడానికి లేదు. ఏ వరసలో మొదట విన్నామో, ఏ వరసలో అమ్మ పాడి నిద్రపుచ్చిందో, దాన్నే దేవుడి గొంతనుకుంటాం. వరస మారిస్తే అమ్మను మార్చినంత కోపం వస్తుంది. ఆ కోపాన్ని చరిత్రగా చూపించడమే తప్పు. తెలిసినంతలో ఇవాళ మనం పాడుకునే అన్నమయ్య పాటల్లో చాలావరకు డెబ్బై ఎనభై ఏళ్లకు లోపు కట్టిన వరసలే. వాటిని కట్టినవాళ్ల పేర్లు మనకు తెలుసు. కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. మారకుండా వచ్చిందేదైనా ఉంటే అది మాట ఒక్కటే, అదీ రాగి మీద చెక్కారు కాబట్టి.

అలాగని వచ్చిన ప్రతి కొత్త వరసకూ చప్పట్లు కొట్టాలని లేదు. కొన్ని మాటను మింగేస్తాయి, కొన్ని పాటకు ఎరువు తెచ్చిన హడావిడి పూస్తాయి. అలాంటివాటిని ఇది బాగాలేదు అని వెయ్యిసార్లు అనొచ్చు. ‘అన్నమయ్య ఇలా పాడలేదు’ అనే వాదన ఒక్కటి వదిలేస్తే, సంగీతం మంచిచెడ్డల గురించి మాట్లాడుకోవచ్చు.

పాడేవాళ్లకూ, రికార్డులు వేసేవాళ్లకూ, పిల్లల పోటీలు పెట్టేవాళ్లకూ ఒక విన్నపం. కార్డు మీద ‘అన్నమాచార్య కీర్తన’ అని రాసి వదిలేయకండి. పక్కన ఇంకొక పేరు రాయండి. వరస రాళ్లపల్లిదా, నేదునూరిదా, బాలకృష్ణప్రసాద్‌దా, కీరవాణిదా, మీ ఊరి భజన గురువుదా? ఏదైనా ఫర్వాలేదు, పేరు రాయండి.