చెడిన గొంతునకు క్రొత్త పొర



పురాణము చదువువారికిని, బడిపంతులకును, నాటకములాడువారికిని గొంతే జీవనాధారము. అది బొంగురువోయి మరల తేరనిచో గతి యేమి? ఆ ప్రశ్నకు వైద్యులు వెదకిన సమాధానముల చరిత్ర నేడు మనవి చేసెదను.

ఇది వైద్యునితో గాక గాయకునితో మొదలగుచున్నది. స్పెయిను దేశీయుడగు మాన్యుయెల్ గార్సియా యౌవనముననే గాత్రము చెడి, రంగస్థలమును విడిచి, సంగీతోపాధ్యాయుడయ్యెను. 1854లో పారిసు నగరమున దంతవైద్యులు వాడు చిన్న యద్దమును వెచ్చజేసి కొండనాలుకకు ఆనించి, మఱియొక యద్దముతో సూర్యకిరణములను దానిపై ప్రసరింపజేసి, తన స్వరపేటికను తానే చూచెను. శ్వాసనాళముపై రెండు మడతలు తెరచుకొనుచు మూసికొనుచు నుండెను. మరుసటి యేట లండనులోని రాయల్ సొసైటీకి ఈ సంగతి నివేదించెను. ఆయన నూటొక్క యేండ్లు జీవించి 1906లో గతించెను. గొంతు చెడినవానికే గొంతు రహస్యము దొరకుట విచిత్రము గదా!

కంటికి కనబడినంత మాత్రమున చికిత్స దొరకలేదు. 1911లో జర్మనీ వైద్యుడు బ్రూనింగ్స్ చచ్చువడిన మడతలోనికి సూదితో మైనమువంటి పారఫిన్‌ను ఎక్కించెను. గోడ బీటలో సున్నము కూరినట్లే! కాని పారఫిన్ లోపల గడ్డలు కట్టుటచే ఆ పద్ధతి మూలబడెను.

మచ్చపడిన గొంతునకు ఇట్టి పూరకము చాలదు. ఏలన, 1974లో జపాను వైద్యుడు మినోరు హిరానో వివరించినట్లు, ఆ మడత ఒకే కండ కాదు. అడుగున కండ, మీద పలుచని పొర, నడుమ తాటిముంజెవలె మెత్తని పదార్థము. ఈ మెత్తదనముచేతనే మీదిపొర పురుషులలో సెకనుకు నూరు పర్యాయములకు పైగాను, స్త్రీలలో ఇన్నూరు వరకును అలవలె కదలి నాదము పుట్టించును. గాయము మానునప్పుడు ముంజెకు మారుగా పీచు పెరిగి, మీదిపొర కండకు కుట్టినట్లు అంటుకొనును. కత్తితో కోసి తీసినను క్రొత్త మచ్చ రావచ్చును.

అందుచే, ఖాళీ నింపుట గాక, దేహముచేతనే ఆ పొరను మరల పెంపింపవలెనను తలంపు కలిగెను. క్యోటో నగరమున షిగేరు హిరానోయు, ఆయన సహచరులును కణములను పెరుగుటకు ప్రేరేపించు నొక మాంసకృత్తును ముదిమిచే క్షీణించిన మడతలోనికి సూదిమందుగా నిచ్చి, మొదటి రోగి వృత్తాంతమును 2008లో ప్రకటించిరి. పిమ్మట మచ్చపడిన మడతలపై అట్టి వేఱొక మాంసకృత్తును పరీక్షించిరి.

2015లో అమెరికాయందలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు ఇంకను ముందుకు బోయిరి. ఒక మృతునినుండియు, శస్త్రచికిత్సలో స్వరపేటిక తీయబడిన రోగులనుండియు కణములను గ్రహించి, కొల్లాజెన్ చట్రముపై రెండు వారములు పెంచగా పొర యేర్పడెను. దానిని చచ్చిన కుక్క స్వరపేటికలో అమర్చి, వెచ్చని తేమగాలి నూదగా, అది కంపించి మ్రోగెను. ఆ మ్రోతలో మాట లేదు, పాట లేదు. ఆ ప్రయోగమున మనుష్యుల గొంతులో దానిని అమర్చనూ లేదు.