ముకర్రర్, వన్స్‌మోర్

1786లో వియన్నాలో మొజార్ట్ 'ఫిగరో పెళ్ళి' ఒపేరా ఆడినప్పుడు జనం పాటలను మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. ఆట ఎంతకీ తెమలడం లేదు. దాంతో చక్రవర్తి రెండో జోసెఫ్ ఒక ఫర్మానా తీశాడు: ఒకరికంటే ఎక్కువమంది కలిసి పాడే పాటలను రెండోసారి పాడించకూడదు. మిలాన్‌లోని లా స్కాలా థియేటర్లో అయితే ఇరవయ్యో శతాబ్దంలో ఈ రివాజే బంద్ అయిపోయింది. 2007 ఫిబ్రవరిలో హువాన్ దియేగో ఫ్లోరెజ్ అనే గాయకుడు జనం చప్పట్లు ఆపకపోయేసరికి తన పాటను రెండోసారి పాడాడు. డెబ్భై ఏళ్ళ పైచిలుకు తర్వాత అక్కడ ఒక గొంతు పాడిన పాటనే మళ్ళీ పాడిందని దునియా అంతా ఖబర్ అయింది.

ఆ ఖబర్ డెస్కులో నా చేతికొచ్చినప్పుడు నవ్వొచ్చింది. మా విశాఖపట్నంలో పద్యనాటకం చూసినవాళ్ళకు ఇందులో వింత ఏముంది? కృష్ణుడు ఒక పద్యం పాడితే వన్స్‌మోర్. హరిశ్చంద్రుడు ఏడుస్తూ పాడినా వన్స్‌మోరే. పాపం, కొడుకు శవం ముందు మళ్ళీ మొదటి నుంచీ ఏడవాలి. ఎవరూ దాన్ని ఎబ్బెట్టుగా అనుకోరు.

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. ముషాయిరాలో మంచి షేర్ పడగానే 'ముకర్రర్' అనాలని, అంటే మళ్ళీ చదవమని అడగాలని మా ఉస్తాద్ నేర్పారు. అడగడం అదబ్, చదవడం కూడా అదబ్. కాలేజీలో తెలుగు డిగ్రీకి వెళ్ళి సీసం, తేటగీతి, ఉత్పలమాల గణాలు విడదీస్తున్నప్పుడు నాకు తట్టింది ఇదే. ఒక చోట కాఫియా, రదీఫ్. ఇంకో చోట యతి, ప్రాస. ఉసూళ్ళు వేరు, కానీ రెండింటినీ చెవితోనే తూచాలి. రెండు చోట్లా వినేవాడికి హక్కుంది: ఇంకోసారి అను, నాకు తనివి తీరలేదు.

మా అబ్బా పోర్టులో ఖలాసీ. ఈ మాటను తెలుగువాళ్ళు కళాసీ అని తమదిగా చేసుకున్నారు గానీ అది అరబ్బీ నుంచి మన జబాన్ మీదుగా ఓడలతో వచ్చిన లఫ్జే. 1933లో 'జలదుర్గ' అనే ఓడతో విశాఖ రేవు మొదలైంది. తర్వాత షిప్‌యార్డు, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ. దానికోసం 1966లో ముప్పై రెండు మంది ప్రాణాలిచ్చారు, 1971లో పునాదిరాయి పడింది. పనికోసం శ్రీకాకుళం నుంచి, గోదావరి జిల్లాల నుంచి, గుంటూరు నుంచి జనం దిగారు. దిగినవాళ్ళు తమ నాటకాల పిచ్చిని కూడా వెంట తెచ్చుకున్నారు. దసరాకి, సంక్రాంతికి, వినాయక చవితికి పందిరి వేస్తే రాత్రంతా ఆట. అబ్బా గ్యాంగు మేస్త్రీ ఒకాయన చందాలు పోగుచేసేవాడు. అబ్బా చందా ఇచ్చేవాడు, ఇషా నమాజ్ చదివి మఫ్లరు చుట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చునేవాడు.

మా ఇల్లు కోటవీధి వైపు, దర్గా కొండ కింద. మొహల్లాలో దీని మీద మాటలు పడేవి. మా బడే చాచా అయితే ముఖం మీదే అడిగేవారు, ఈ రాజుల, దేవుళ్ళ కిస్సాలతో మనకేం వాస్తా అని. అబ్బాది ఎప్పుడూ ఒకే జవాబు: "సచ్ బోలే సో బాద్షా కా కిస్సా హై భాయ్, ఉస్మే హర్జ్ క్యా?" చాచా తృప్తిపడలేదు. వాళ్ళిద్దరూ అన్నదమ్ములు అయ్యుండీ ఒక రంజాన్ అంతా సరిగ్గా మాట్లాడుకోలేదు. నాకప్పుడు పదీ పన్నెండేళ్ళు. ఈ పద్యం మనదా, పరాయిదా? ఇంట్లో ఎవరి పక్షాన నిలబడాలో తెలియక మొదలైన ఆ సవాలే తర్వాత నన్ను తారీఖ్ పుస్తకాల వైపు తోసింది.

వెతికితే దొరికింది చాలానే. 1850లలో లక్నోలో అమానత్ రాసిన 'ఇందర్ సభ' మొత్తం పాటలతో నడిచే ఉర్దూ నాటకం, మన ఒపేరా అనుకోండి. అందులో ఇంద్రుడు, పరీలు, ఒక షాహజాదా. దేవేంద్రుడి కొలువులో ఉర్దూ గజల్! దాన్ని పార్శీ కంపెనీలు ఊరూరా తిప్పాయి. ఆ పార్శీ, ధార్వాడ కంపెనీల ఆటలు చూసే పందొమ్మిదో శతాబ్దం చివర తెలుగు నాటకాలకు ఊపు వచ్చింది. హార్మోనియం, హిందుస్తానీ బాణీలు, రంగు తెరలు ఆ దారినే వచ్చాయి. మచిలీపట్నంలో నాదెళ్ళ పురుషోత్తమ కవి 1880లలో ఏకంగా హిందుస్తానీలోనే నాటకాలు రాశారు, అదీ తెలుగు లిపిలో. ఈ విషయం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నేను ఉర్దూ లిపిలో తెలుగు మాటలు రాసుకుని బట్టీపట్టినవాణ్ణి. ఆయన సరిగ్గా దానికి ఉల్టా చేశారు, నాకంటే వందేళ్ళ ముందు.

హార్మోనియం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అది ఫ్రాన్సులో పుట్టింది, కలకత్తాలో చేతిపెట్టెగా మారింది. మన గమకాలు పలకవని ఆకాశవాణి 1940లో దాన్ని వెలివేసింది, దాదాపు ముప్పై ఏళ్ళు. పద్యనాటకం మాత్రం ఒక్కరోజు కూడా దాన్ని దించలేదు. దించితే నాటకం నడవదు. కంట్రాక్టు నాటకాల్లో రిహార్సల్ ఉండదు. ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు. పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన, ఒక్కొక్కరు ఒక్కో ఊరి నుంచి బస్సు దిగి నేరుగా మేకప్‌కి వస్తారు. అర్జునుడు ఎవరో కృష్ణుడికి స్టేజీ మీదే తెలుస్తుంది. వీళ్ళందరి శ్రుతిని గుర్తుపెట్టుకుని, పద్యం చివర గొంతు ఎక్కడ దిగుతుందో కనిపెట్టి అందుకునేది హార్మోనిస్టు. మైకు రాకముందు నటులు ఆఖరి వరసకు వినపడాలని హెచ్చు శ్రుతిలో పాడేవారు. ఒపేరా గాయకులు చేసేదీ అదే, మైకు లేకుండా హాలు నింపడం.

అబ్బాకి దిల్‌పసంద్ గాయకుడు పీసపాటి నరసింహమూర్తి. మన ఉత్తరాంధ్ర మనిషి, బొబ్బిలి వైపు. 1920లో పుట్టి 2007 దాకా బతికారు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడంటే ఆయనే. అబ్బా ఆయన్ని పెళ్ళికి ముందు చూశాడట, ఎన్నిసార్లో లెక్కలేదు. ఈలపాట రఘురామయ్యనూ చూశాడు. వేలు నోట్లో పెట్టి ఈలతో రాగం పలికించిన ఆ మహానుభావుడికి 1975లో పద్మశ్రీ వచ్చింది. అయినా అబ్బా ఓటు పీసపాటికే. "మిగతావాళ్ళు రాగం పాడతారు బేటా, ఆయన మాట పాడతాడు" అనేవాడు. సంగీత విమర్శ నేను చాలా చదివాను గానీ ఇంత సూటి వాక్యం దొరకలేదు.

నా వంతుకొచ్చేసరికి కాలం క్యాసెట్లది. పూర్ణా మార్కెట్లో కొన్న డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర క్యాసెట్టు టేపు సాగిపోయేదాకా విన్నాను. ఎదురుగా కూర్చుని విన్నది మాత్రం డిగ్రీ రెండో ఏడాదిలో, పోర్టు క్వార్టర్ల పక్కన పందిట్లో. హరిశ్చంద్రుడు వేసినాయన పెద్ద పేరున్నవాడు కాదు. పగలు బడిలో పాఠాలు చెప్పే మాస్టారని పక్కవాళ్ళు అనుకున్నారు. సన్నటి మనిషి, భుజం మీద గొంగళి, చేతిలో కర్ర. క్యాసెట్టులో తెలియని సంగతి నాకు అక్కడ తెలిసింది: పద్యం ఎత్తుకునే ముందు ఆయన తీసే ఊపిరి మూడో వరస దాకా వినిపించింది.

కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము. శ్మశానం గురించిన పద్యాలు మొదలయ్యాయి. అవి బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోవి కావు. గుర్రం జాషువా విడిగా రాసిన పద్యాలు. నటులు వాటిని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు, జనం వదల్లేదు. జాతి పేరుతో బడిలో, సభలో అవమానాలు పడ్డ క్రైస్తవ దళిత కవి అల్ఫాజ్‌ను పురాణంలోని రాజు పాడుతున్నాడు, పోర్టు కూలీలు కళ్ళు తుడుచుకుంటున్నారు. రాజు, కవి, బిచ్చగాడు అందరూ ఒకే మట్టిలో కలిసే చోటు గురించిన పద్యం ఖబరస్తాన్‌కి మయ్యత్ మోసినవాడికి అర్థం కాకపోవడమేమిటి?

జనం వన్స్‌మోర్ అని అరిచారు. అబ్బా అరవలేదు. చెయ్యి సగం ఎత్తి "ముకర్రర్" అన్నాడు, మాములు గొంతుతో. హార్మోనిస్టు తల తిప్పి చూసి మెట్లు నొక్కాడు. ఆయన రెండోసారి పాడింది మొదటిసారి పాడినట్టు లేదు, నెమ్మదిగా ఉంది, రాగం తగ్గింది. మధ్యలో ఫజర్ అజాన్ వినబడింది. మైకు సెట్టు అతను మీట తిప్పి పందిట్లో మైకు ఆపేశాడు. మా మసీదు జల్సాలకూ సెట్టు వేసేది అతనే, ఆ సమయం అతనికి మాకంటే బాగా తెలుసు. హరిశ్చంద్రుడు కర్ర ఆనించుకుని నిలబడి చెమట తుడుచుకున్నాడు. అజాన్ అయ్యాక మిగిలిన పాదం మైకు లేకుండానే ఎత్తుకున్నాడు.

ఈ కిస్సా చెప్పి ఎవర్నీ ఒప్పించాలని కాదు. చాచా ఆఖరి దాకా ఒప్పుకోలేదు, ఆయన మాటకూ వజన్ ఉంది. దేవుడి వేషం మనకు ముష్కిలే. ఆ హద్దు అబ్బాకీ తెలుసు, ఆయన ఏ రోజూ వేషం కట్టలేదు, హారతి సమయానికి బయటికొచ్చి బీడీ కాల్చుకునేవాడు. కానీ వేషం వేరు, విద్య వేరు. పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథను తెలుగువాళ్ళకు ఇలాగే అప్పగించి వెళ్ళారు. ఆయన జీవితకథ పేరు 'పింజారి', మన ఇళ్ళల్లో ఎంతమంది చదివారు? కరవది షేక్ చిన మౌలానా శ్రీరంగంలో నాదస్వరం ఊదారు, మద్రాసు వాళ్ళు సంగీత కళానిధి అన్నారు. వాళ్ళను మనం ఖబర్ వచ్చినప్పుడు తప్ప తలుచుకోం. వాళ్ళకు దాద్ ఇచ్చింది ఎక్కువగా బయటివాళ్ళే.

ఇప్పుడు పందిళ్ళు తగ్గాయి. సిరిపురం వైపు ఏసీ హాళ్ళలో అప్పుడప్పుడు గంటసేపు పద్యాలు పెడతారు, తొమ్మిదింటికల్లా ముగిస్తారు. వన్స్‌మోర్ అడిగితే నిర్వాహకులు గడియారం చూస్తారు. రెండో జోసెఫ్ ఫర్మానా రెండు వందల ఏళ్ళు ఆలస్యంగా మన దగ్గరకూ చేరినట్టుంది.

అబ్బాకి చెవులు మందగించాయి. మొన్న మా అమ్మాయి ఇంగ్లీషు మీడియం బడి తెలుగు పుస్తకం పట్టుకుని వచ్చింది. జాషువా గురించి పాఠం, అందులో ఆయన 1932లో రాసిన 'ఫిరదౌసి' కావ్యం ప్రస్తావన. షాహనామా రాసిన కవికి గజనీ మహమ్మద్ బంగారు నాణేలిస్తానని వెండి పంపిన కథ. చదువుతూ పేరు దగ్గర తడబడింది. అబ్బా మంచం మీద నుంచే సరిచేశాడు: "ఫిర్‌దౌసీ బేటీ. జన్నత్ వాలా." తర్వాత జాషువా పద్యం ఏదైనా వచ్చా అని అడిగాడు. వచ్చంది. గొంతు ఎత్తకుండా, పాఠం అప్పజెప్పినట్టు గబగబా చదివేసింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంకోసారి అన్నాడు. అది కాస్త నిలిపి చదివింది. మళ్ళీ అన్నాడు.