వాఫుల్ పెనంలో చక్కెర ఎప్పుడు పడింది?

వాఫుల్ గురించి రాసేవాళ్లు సాధారణంగా పిండి దగ్గర మొదలుపెడతారు. నేను పెనం దగ్గర మొదలుపెడతాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ హైదరాబాదు బాలానగర్‌లో పోత ఇనుము ఫౌండ్రీలో ప్యాటర్న్‌లు, అంటే ఇసుకలో అచ్చు తీసే నమూనాలు, చేసినవాణ్ణి. ఏ ఇనుప వస్తువు చేతికొచ్చినా ముందు తిరగేసి, అచ్చు రెండు సగాలు ఎక్కడ కలిశాయో, లోహం ఎటునుంచి పోశారో చూడటం అలవాటు. ఓహాయోలో మా అమ్మాయి ఇంటికి వచ్చాక పాత సామాన్ల దుకాణంలో కొన్న వాఫుల్ పెనాన్నీ అలాగే చూశాను. వెనక ‘గ్రిస్వోల్డ్, ఈరీ, పెన్సిల్వేనియా’ అని పోతలోనే వచ్చిన అక్షరాలు. రెండు గుండ్రటి పలకలు, లోపలివైపు గళ్లు, ఒక పక్కన గుండులాంటి కీలు, కింద స్టవ్ మీద కూర్చునే ఇనుప వలయం. ప్రతి గడి గోడా నిట్టనిలువుగా కాకుండా కాస్త ఏటవాలుగా ఉంది. ఆ వాలు లేకపోతే ఇసుక అచ్చులోంచి ప్యాటర్న్ ఊడి రాదు. ఆ వాలు వల్లే, కాలిన వాఫుల్ కూడా పెనంలోంచి ఊడి వస్తుంది. దాన్ని చేసిన ఫౌండ్రీ 1957లో ఈరీలో మూతపడింది. పెనం మాత్రం ఇంకో తరానికి సరిపోయేట్టుంది.

కొన్నది మనవరాలి కోసం. పాపకు తొమ్మిదో నెల. మా అమ్మాయి మొదటిరోజే షరతులు పెట్టింది. “నాన్నా, రెండేళ్లు నిండేదాకా చక్కెర వద్దు. ఏడాది లోపు తేనె అసలే వద్దు. ఉప్పు కూడా వెయ్యకు.” మా ఆవిడ ఊరుకుంటుందా? “మీకందరికీ పుట్టగానే తేనె నాకించినవాళ్లమేనే” అంది. “అప్పుడు ఎవరికీ తెలీదమ్మా” అని అమ్మాయి సర్దిచెప్పింది. అదీ నిజమే. పసిపిల్లల పేగుల్లో బోట్యులిజం క్రిమి పెరిగి విషం పుట్టిస్తుందని కాలిఫోర్నియాలో గుర్తించింది 1976లో. ఆ క్రిమి బీజాలు తేనెలో ఉండొచ్చన్నది ఆ తర్వాత తేలిన సంగతి. రెండేళ్లలోపు పిల్లలకు కలిపిన చక్కెర వద్దన్న మాట అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాల్లో 2020లో చేరింది.

నా అనుమానం వేరు. చక్కెర తీసేస్తే అది వాఫుల్ అవుతుందా, లేక పేరుకే వాఫులా? తీపి లేని వాఫుల్ ఇప్పటి తల్లులు కనిపెట్టిన పథ్యపు తిండి అనుకున్నాను. దాని పూర్వాపరాలు వెతుక్కుంటూ వెళితే వ్యవహారం తలకిందులుగా ఉంది.

మధ్యయుగాల ఐరోపాలో చర్చి ఆరాధనలో పంచే పలుచని అప్పాన్ని రెండు ఇనుప పలకల మధ్య కాల్చేవారు. పిండి, నీళ్లు, అంతే. పులియబెట్టడం నిషిద్ధం. పలకల మీద శిలువ గుర్తులు, క్రీస్తు బొమ్మలు చెక్కి ఉండేవి, అవి అప్పం మీద ముద్రపడేవి. పలకలకు పొడవాటి చేతులుండేవి, ఎందుకంటే కాల్చేది పొయ్యి నిప్పులో. అదే పనిముట్టుతో జనం తినడానికి ఉబ్లీలనే పలుచటి అప్పాలు చేసి అమ్మేవాళ్లు తయారయ్యారు. పారిస్‌లో 1270 నాటికే వాళ్లకో సంఘం ఉంది. పండగరోజుల్లో చర్చి గుమ్మాల దగ్గర పొయ్యిలు పెట్టి, వేడివేడిగా కాల్చి అమ్మేవారు. గిరాకీ కోసం ఎంత కొట్లాడుకునేవారంటే, 16వ శతాబ్దంలో రాజు తొమ్మిదో ఛార్లెస్ కలగజేసుకుని, ఒక్కో పొయ్యికీ మధ్య రెండు తువాజుల ఎడం ఉండాలని ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. రెండు తువాజులంటే పన్నెండడుగుల పైచిలుకు. మన తోపుడుబండ్ల వాళ్లకు ట్రాఫిక్ పోలీసులు గీసే గీతకు ముత్తాత అన్నమాట.

ఇంటి వంట సంగతికొస్తే, 14వ శతాబ్దం చివర్లో పారిస్‌లో ఒక నడివయసు గృహస్థు తన చిన్నవయసు భార్య కోసం ఇల్లు నడిపే పద్ధతులన్నీ రాసిపెట్టాడు. ‘ల మెనాజియే ద పారీ’ అని ఆ పుస్తకం పేరు. అందులో వాఫుల్ చేసే పద్ధతులు నాలుగున్నాయి. గుడ్లు గిలకొట్టి, ఉప్పు, వైను వేసి పిండి కలిపేది ఒకటి. మధ్యలో జున్ను పెట్టేది ఇంకొకటి. గుడ్డూ జున్నూ లేకుండా పిండి, నీళ్లు, ఉప్పు, వైనుతోనే చేసేది మరొకటి. చక్కెర జాడ లేదు. పైగా, పిండి ఇనుముకు పట్టుకుంటే నూనెలో ముంచిన గుడ్డతో పలకలు తుడవమని జాగ్రత్త చెప్పాడు. ఆ సలహాలో ఈరోజుకీ మార్చాల్సిందేమీ లేదు.

పులిసిన పిండి వాడకం పెరిగాక పలకలూ మారాయి. పలుచటి అప్పానికి సాదా పలక చాలు. పొంగే పిండి మందంగా ఉంటుంది, సాదా పలకల మధ్య వేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. గళ్లు చెక్కితే ఇనుము పిండి లోపలిదాకా చొచ్చుకుపోతుంది, తాకే వైశాల్యం పెరుగుతుంది, అంతా సమంగా ఉడుకుతుంది. ఇప్పుడు మనం వాఫుల్ ముఖం అనుకునే ఆ గళ్ల వెనక ఉన్న ఇంజనీరింగు ఇంతే. 15, 16 శతాబ్దాల్లో నేటి బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాల్లో ఈ గళ్ల పెనాలు స్థిరపడ్డాయి. చిత్రకారుడు బ్రూగెల్ 1559లో గీసిన పండగ బొమ్మలో వాఫుళ్లు కనిపిస్తాయి. పెళ్లిళ్లలో వంశచిహ్నం, తేదీ చెక్కించిన పెనాన్ని కానుకగా ఇచ్చే ఆనవాయితీ కూడా అక్కడ ఉండేది.

చక్కెర ఈ పిండిలోకి సామాన్యుల ఇళ్లలో దిగింది 17, 18 శతాబ్దాల్లో. అది వంటవాళ్ల తెలివి వల్ల వచ్చిన మార్పు కాదు, ధర పడిపోవడం వల్ల వచ్చింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల చేత కరీబియన్ దీవుల తోటల్లో చెరకు పండించి, పానకం కాయించి, ఓడలకెత్తి పంపాకే ఐరోపాలో చక్కెర చౌకయింది. అంతకుముందు అది సంపన్నుల వస్తువు. మిగతావాళ్లకు తీపి కావాలంటే పళ్లో, తేనో. కాబట్టి వాఫుల్‌కు తీపి జన్మలక్షణం కాదు. వలస వ్యాపారం తెచ్చిపెట్టిన అలవాటు.

డచ్చివాళ్లతో వాఫుల్ సముద్రం దాటి నేటి న్యూయార్క్ ప్రాంతానికి వచ్చింది. అక్కడ 19వ శతాబ్దంలో వంటింట్లో పెద్ద మార్పు జరిగింది. గోడలోని పొయ్యి పోయి, పోత ఇనుము స్టవ్ వచ్చింది. నిప్పులోకి చాపే పొడవు చేతులతో ఇక పని లేదు. స్టవ్ మీద కూర్చోవాలి, కాని రెండో వైపు కాలడానికి తిప్పాలి. బరువైన వేడి ఇనుమును గుడ్డపట్టుకుని తిప్పితే చేతులు కాలడం ఖాయం. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఉండే కార్నేలియస్ స్వార్ట్‌వౌట్ 1869 ఆగస్టు 24న దీనికి పేటెంటు పొందాడు. కింద ఒక వలయం, అందులో తిరిగే కీలు, పక్కన పిడి. పిడి పట్టుకుని మెలితిప్పితే పలకలు ఆ వలయంలోనే బోర్లాపడతాయి. ఇది ట్రాయ్‌లోనే పుట్టడం నాకు వింతగా అనిపించలేదు, ఆ రోజుల్లో ఇనుప స్టవ్‌లు పోతపోసే ముఖ్య కేంద్రాల్లో ట్రాయ్ ఒకటి. స్టవ్ చేసేవాడి పక్కవీధిలో ఉన్నవాడికే స్టవ్ మీద ఏం కుదరడంలేదో తెలుస్తుంది. నా గ్రిస్వోల్డ్ పెనం కూడా ఆ వంశంలోదే.

పేటెంటు చేతుల్ని కాపాడింది. సమయాన్ని ఆదా చేసింది రసాయనం. అంతకుముందు పిండి పొంగాలంటే ఈస్ట్ వేసి రాత్రంతా ఉంచాలి, లేదా గుడ్డు తెల్లసొన చేతులు పడిపోయేదాకా గిలకొట్టాలి. ఆ పని ఆడవాళ్లదీ పనివాళ్లదీ. 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ తన భార్యకు ఈస్ట్ పడదని బేకింగ్ పౌడర్ చేశాడు. 1856లో అమెరికాలో ఎబెన్ హార్స్‌ఫర్డ్ దానికి కావలసిన ఫాస్ఫేటు తయారీకి పేటెంటు తీసుకున్నాడు. ఈ హార్స్‌ఫర్డ్ జర్మనీ వెళ్లి చదివింది యుస్టస్ ఫాన్ లీబిగ్ దగ్గర. అదే లీబిగ్ 1860ల్లో తల్లిపాలకు బదులుగా పసిపిల్లల కోసం ఒక ఆహారం తయారుచేశాడు. గోధుమ పిండి, మొలకెత్తించిన బార్లీ పిండి, పొటాషియం బైకార్బొనేట్, ఆవుపాలు. తర్వాత వచ్చిన డబ్బా ఆహారాలకు అది పెద్దన్న. అంటే ఇంటి వాఫుల్‌ను పది నిమిషాల పని చేసిన పొడీ, పాపాయి ఆకలిని డబ్బాలో పెట్టిన ఆలోచనా ఒకే గురుకులంలోంచి వచ్చాయి.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1889లో మిస్సూరిలో దానంతటదే పొంగే పిండి పొట్లం, 1931లో బిస్క్విక్ అనే ఇంకో పిండి పొట్లం. 1910ల్లో జనరల్ ఎలక్ట్రిక్ కరెంటు వాఫుల్ పెనం. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో డోర్సా అనే ముగ్గురన్నదమ్ములు ఎగ్గో పేరుతో వ్యాపారం చేసేవారు. వాళ్లలో ఫ్రాంక్ డోర్సాకు యంత్రాల పిచ్చి. రంగులరాట్నం మోటారు తీసి దానికి పెనాలు బిగించి గిరగిరా తిప్పుతూ గంటకు వేలల్లో వాఫుళ్లు కాల్పించాడు. 1953లో వాటిని గడ్డకట్టించి దుకాణాలకు పంపారు. 1960ల చివర్లో కెలాగ్స్ కొనేసింది. ఇంకోవైపు 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మారిస్ వెర్మెర్ష్ అనే బెల్జియన్ స్ట్రాబెర్రీలూ మీగడ నురగా పెట్టి డాలరుకొకటి చొప్పున అమ్మాడు. జనం బారులు తీరారు. ఇవాళ వాఫుల్ అనగానే కళ్లముందుకొచ్చే బొమ్మ అక్కడ ముద్రపడిందే.

ఈ మెట్లలో ఏదీ నేను తప్పుపట్టను. రాత్రంతా పిండి కాచుకుని కూర్చున్న ఆడవాళ్ల నిద్ర ఎంత విలువైందో నాకు తెలుసు. కాని పని సులువైన కొద్దీ పొట్లంలో ఇంకేదో కలుస్తూ వచ్చింది. ముఖ్యంగా చక్కెర, ఉప్పు. పసిపాప కోసం వండేవాళ్లు చేసేదల్లా సులువును ఉంచుకుని, కలిసినవాటిని విడదీయడమే.

మా ఇంట్లో ఎలా చేస్తామో చెబుతాను. మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టిన రాగిపిండి ఇక్కడి ఇండియన్ దుకాణంలో దొరుకుతుంది. లీబిగ్ బార్లీకి చేసిన పనే మనవాళ్లు రాగులకు చేస్తారు. మొలకలో పుట్టే ఎంజైము గంజిపదార్థాన్ని విడగొడుతుంది, అందుకే కొద్దిపాటి తీపి దానంతటదే వస్తుంది. రాగిపిండి, ఓట్స్ పిండి సమపాళ్లు, ఒక గుడ్డు, బాగా మగ్గిన అరటిపండు, పులుపు లేని పెరుగు, చిటికెడు బేకింగ్ పౌడర్. చక్కెర, ఉప్పు కలపని వేరుశనగ వెన్న ఒక చెంచా నీళ్లలో పలుచగా చేసి కలుపుతాం. పల్లీలు ఆలస్యంగా పెట్టమనేవారు ఒకప్పుడు. తొందరగా మొదలుపెడితే ఎలర్జీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుందని లండన్‌లో జరిపిన అధ్యయనం 2015లో తేల్చింది. పాపకు గుడ్డూ పల్లీ రెండూ డాక్టరును అడిగాక, విడివిడిగా రుచి చూపించాకే ఇందులోకి వచ్చాయి. గింజలు గింజలుగా మాత్రం ఎప్పుడూ పెట్టం, గొంతుకు అడ్డం పడతాయి.

పెనం రెండువైపులా వేడెక్కాలి. నీటిచుక్క వేస్తే చిటపటలాడి పరుగెత్తాలి. గళ్లన్నిటికీ కుంచెతో నూనె. ఈ నూనె సంగతి నైకీ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన బిల్ బోవర్‌మన్‌ను అడగాలి. 1971లో బూటు అడుగుకు గళ్లు కావాలని ఆయన భార్య వాఫుల్ పెనంలో యూరిథేన్ పోశాడు. అంటకుండా ఏదీ పూయలేదు, పెనం మూసుకుపోయి మళ్లీ తెరుచుకోలేదు. ఫౌండ్రీలో కొత్తగా చేరిన కుర్రాడికి మొదట నేర్పే పాఠం అది. పిండి పోసి మూసి, ఒక నిమిషానికి తిప్పుతాను. అంచుల్లోంచి వచ్చే ఆవిరి ఆగిపోతే వాఫుల్ అయినట్టే. చల్లారాక వేలెడు పొడుగు ముక్కలు కోస్తే, పాప గుప్పిట్లో పట్టుకుని కొరుక్కుంటుంది. గళ్ల వల్ల జారిపోదు, మెత్తగా ఉండటంతో చిగుళ్లతోనే నలుగుతుంది.

పాప తిన్నాక అదే పెనం మీద అల్లుడి కోసం పొట్లంలోని పిండితో చేస్తాను. ఆ పొట్లం మీద పదార్థాల పేర్లలో చక్కెర ముందువరసలోనే ఉంది. ఇనుముకు తేడా వెంటనే తెలుస్తుంది. కరిగిన చక్కెర గళ్ల మూలల్లో పాకమై మాడి పట్టుకుంటుంది. ఆ మసిని గీకి మళ్లీ నూనె పట్టించాలి. పాప పిండికి ఆ బాధ లేదు, చేత్తో తీస్తే వచ్చేస్తుంది. వాఫుల్ పెనం పిండీ గుడ్డూ నూనెల కోసం తయారైన పనిముట్టు. చక్కెర దానికి కొత్త చుట్టం. మా అల్లుడికి తీపి కావాలంటే మేపుల్ పాకం పళ్లెంలో పోసుకుంటే సరిపోతుంది, పిండిలో కలపాల్సిన అవసరం లేదని ఆయనకూ చెప్పాను. ఒప్పుకున్నాడు. వచ్చే ఆదివారం నుంచి ఇంట్లో అందరికీ ఒకే పిండి.