చెర్బర్గ్ బడి గురించి మనవాళ్ళకు

నేనుండే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ గురించి కొవ్వూరులో ఎవరడిగినా మాట జీతాలు, క్రికెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఈ నేలకు అసలు హక్కుదారులెవరో ఎవరూ అడగరు. ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళమూ పెద్దగా చెప్పం. చెప్పాలి.

బ్రిస్బేన్‌కు వాయవ్యంగా దాదాపు 250 కిలోమీటర్ల దూరాన చెర్బర్గ్ అనే చిన్న ఊరుంది. 1897లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఆదివాసుల 'రక్షణ' పేరిట ఒక చట్టం చేసింది. దాన్ని అడ్డం పెట్టుకుని రాష్ట్రం నలుమూలల నుంచి వేర్వేరు తెగల వాళ్ళను తీసుకొచ్చి ఇక్కడి సెటిల్మెంటులో పెట్టారు. అప్పట్లో దాని పేరు బరాంబా. బయటికి వెళ్ళాలన్నా, పెళ్ళి చేసుకోవాలన్నా అధికారి అనుమతి కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర ఉంచకుండా డార్మిటరీల్లో పెట్టారు. కాస్త ఎదగగానే ఆడపిల్లల్ని తెల్లవాళ్ళ ఇళ్ళలో పనికి, మగపిల్లల్ని పశువుల ఫారాలకు పంపేవారు. ఆ జీతం ప్రభుత్వం చేతిలోకి పోయేది. దానికోసం కోర్టుకెక్కితే 2019లో 19 కోట్ల డాలర్లు చెల్లించడానికి ప్రభుత్వం ఒప్పుకుంది.

మనకిది తెలియని బాధ కాదు. స్టువర్టుపురం గుర్తు చేసుకోండి. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక, ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో పెట్టిన సెటిల్మెంటు అది.

1998లో చెర్బర్గ్ బడికి క్రిస్ సారా ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ఆ బడికి ఆదివాసీ ప్రిన్సిపాల్ రావడం అదే మొదలు. పిల్లలు సరిగ్గా బడికి రారు, వచ్చినా చదువు అంటదు, తప్పంతా ఊరిదేనన్న అభిప్రాయం టీచర్లలో పాతుకుపోయి ఉంది. సారా ఒప్పుకోలేదు. ఈ పిల్లలు ఎవరికీ తీసిపోరని నమ్మలేనివాళ్ళు వెళ్ళిపోవచ్చన్నారు. చాలామంది వెళ్ళిపోయారు. ఆయన ఊరివాళ్ళను తరగతి గదుల్లోకి తెచ్చుకున్నారు, ఆదివాసుల చరిత్రను పాఠంగా చెప్పించారు, 'బలంగా, తెలివిగా' అన్నదాన్ని బడి నినాదం చేశారు. హాజరు పెరిగింది, చదువూ మెరుగుపడింది.

అన్నిటికన్నా పెద్ద పని ఊరి పెద్దల్ని బడిలోకి పిలవడమేనని నా నమ్మకం. డార్మిటరీల్లో పెరిగిన తాతలు, అమ్మమ్మలు గౌరవంగా లోపలికి వచ్చి కూర్చుంటేనే కదా, మనవలకు ఆ బడి మీద నమ్మకం కుదిరేది! అలా కుటుంబాల నుంచి వేరైన పిల్లలందరి విషయంలో అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. చెర్బర్గ్ బడి అంతవరకూ ఆగలేదు.

కొవ్వూరు నుంచి గోదారి గట్టు వెంట పైకి పోతే పోలవరం. అక్కడి ప్రాజెక్టు ముంపు వల్ల ఊళ్ళు వదిలిన కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నాయి. మన మాస్టార్లకు, టీచరమ్మలకు నా మనవి ఒక్కటే. ఆ పిల్లలు మీ తరగతికి వస్తే వెనక బెంచీ చూపించకండి. వాళ్ళ అమ్మానాన్నలను, పెద్దలను బడికి పిలవండి. వాళ్ళ కొండల సంగతులు వాళ్ళ చేతే పిల్లలందరికీ చెప్పించండి.