పట్టా పుచ్చుకున్నాక చదువు

మద్రాసులో 1835లో, హైదరాబాదులో 1846లో పాశ్చాత్య వైద్యం నేర్పే విద్యాలయాలు వెలిశాయి. విశాఖపట్నంలో 1923లో కళాశాల వచ్చింది. పెద్ద పట్టాలతో కొందరు, ఎల్.ఎం.పి. అనే చిన్న పట్టాతో మరెందరో తాలూకా కేంద్రాలకు చేరి, గుమ్మానికి బోర్డు తగిలించి, కాంపౌండరు చేత మిక్చర్ కలిపించి, తాతకూ మనవడికీ తామే డాక్టర్లయ్యారు. ఆ పైన వారికి పాఠం చెప్పే గురువు లేడు. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అటువంటి వార్త మారుమూల డాక్టరుకు చేరాలంటే తపాలాయే ఆధారం. కలకత్తా నుంచి ఇండియన్ మెడికల్ గెజెట్ 1866 నుంచే వస్తుండేది. దక్షిణాదిలో ఆ బాధ్యత తలకెత్తుకున్నవాడు డాక్టర్ యు. రామారావు. 1904లో మద్రాసులో ఆయన స్థాపించిన ‘యాంటిసెప్టిక్’ మాసపత్రిక తరతరాల వైద్యులకు చదువు చెప్పింది.

1928లో భారత వైద్య సంఘం ఏర్పడ్డాక ఆ ఒంటరి చదువుకు తోడు దొరికింది. సాయంత్రం రోగులను చూసి పంపాక ఊళ్లోని డాక్టర్లు ఒకచోట చేరేవారు. పెద్దాసుపత్రి నుంచి వచ్చిన స్పెషలిస్టు చెబితే వినేవారు. స్పెషలిస్టు చెప్పాలి, కుటుంబ వైద్యుడు వినాలి అన్న వరస ఆనాడు పడిందే, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. 1946లో భోర్ కమిటీ ఎల్.ఎం.పి. తరహా చదువు ఆపి, అందరికీ ఒకే స్థాయి పట్టా ఉండాలన్నది. 1963లో వైద్య సంఘమే జనరల్ ప్రాక్టీషనర్ల కోసం ప్రత్యేకంగా ఒక కళాశాలను స్థాపించింది.

ఈలోగా మందుల వరద మొదలైంది. భీమవరంలో పుట్టి, మద్రాసులో ఎల్.ఎం.ఎస్. చదివి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలల నుంచి 1940ల చివర బోదకాలు మందు హెట్రజాన్, యాంటిబయాటిక్ ఆరియోమైసిన్ వెలువడ్డాయి. ఏటేటా కొత్త పేర్లు వచ్చిపడుతుంటే వాటిని గుమ్మం దాకా తెచ్చి వివరించినవాడు మెడికల్ రెప్రజెంటేటివ్. అతణ్ని ఆడిపోసుకోవడం తేలిక. కానీ చాలా ఊళ్లలో, చాలా ఏళ్లు, కొత్త మందు గురించి డాక్టరుతో మాట్లాడినవాడు అతనొక్కడే. కంపెనీల కానుకలు పుచ్చుకోరాదని వైద్య మండలి 2009లో గాని నిబంధన పెట్టలేదు.

కొత్తది నేర్వడం కన్నా పాతది మానడం కష్టమని క్షయ చికిత్స చెబుతుంది. శానటోరియం అక్కర్లేదు, ఇంటి దగ్గరే నయమవుతుందని మద్రాసు పరిశోధన కేంద్రం 1959లోనే ప్రపంచానికి రుజువు చేసింది. ఆ పైన ఆరు నెలల కోర్సూ వచ్చింది. అయినా 1991లో వెలువడిన ఒక బొంబాయి అధ్యయనంలో నూరుమంది ప్రైవేటు డాక్టర్లు రాసిన క్షయ మందుల జాబితాలు ఎనభై రకాలుగా తేలాయి! వారు తెలివి తక్కువవారేం కారు. ఎవరికి వారు, ఏ కాలంలో నేర్చింది ఆ కాలంలోనే ఉంచుకున్నారు. విరేచనాలకు ఉప్పు–చక్కెర నీళ్లు చాలని 1970లలోనే తేలినా, సెలైన్ సీసా మాత్రం స్టాండు దిగలేదు.

ఐదేళ్లకు 30 గంటల నిరంతర విద్య ఉండాలని వైద్య మండలి 2002 నిబంధనలు చెప్పాయి. హాజరు సంతకాలు పెరిగాయి. నా దృష్టిలో అంతకన్నా పెద్ద మలుపు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల 2006లో దూరవిద్యగా ప్రారంభించిన కుటుంబ వైద్య డిప్లొమా. డాక్టరు ప్రాక్టీసు మూయకుండానే, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో, ఎవరిని తానే నయం చేయవచ్చో నేర్చుకునే వీలు కలిగింది. 2010లో కుటుంబ వైద్యులకు సొంత అకాడమీ వచ్చింది. తర్వాత వారి పత్రికా వచ్చింది.

2020లో కరోనా వచ్చి సాయంత్రపు సమావేశాలను ఫోను తెర మీదికి తెచ్చింది. ఆ జూన్‌లో బ్రిటన్ పరిశోధకులు డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతుందని ప్రకటించారు. చవక మందు, ప్రతి దుకాణంలో దొరికేది. ఒకప్పుడు ఏళ్లు పట్టే కబురు రోజుల్లో ఊరూరా చేరింది. అదే ప్రకటనలో ఆక్సిజన్ అవసరం లేనివారికి దానితో మేలు కనబడలేదన్న మాటా ఉంది. రెండో ఉప్పెననాటి చీటీలు చూస్తే, ఆ సగం అంత దూరం ప్రయాణించినట్టు తోచదు.